ముందు ఒక స్టార్ ఇచ్చా, ఇప్పుడు మూడు చేశా, ఎందుకో చదవండి

గుంటూరు కొత్తపేటలో ఒక హాస్పిటల్ మీద రెండు నెలల కిందట ఒక స్టార్ ఇచ్చి నాలుగు లైన్లలో తిట్టిపోశా, దాన్ని నిన్న తీసేశా, తీసేసి ఇదిగో ఇక్కడ పేరు లేకుండా మళ్ళీ రాస్తున్నా. పేరెందుకు రాయట్లేదంటే మొదటిసారి నేను కోపంలో నోరు పారేసుకుంటే దాని దెబ్బ ఎవరికి తగిలిందో కళ్ళారా చూశా కాబట్టి. కొత్తపేట తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, సందుకి నాలుగు హాస్పిటళ్ళు, పది మందుల షాపులు, అందులో ఒకటి అనుకోండి. 80 బెడ్లు, నాలుగు అంతస్తులు, లిఫ్టు ఒకటే, అది కూడా స్ట్రెచర్ కోసం ఆపి పెడతారు కాబట్టి మనకి మెట్లే గతి.

మా నాన్నకి 74. నెమ్ము చేసి ఆయాసం ఎక్కువైతే ఓ గురువారం సాయంత్రం చేర్పించాం, మళ్ళీ గురువారం పొద్దున డిశ్చార్జ్, మధ్యలో ఏడు రాత్రులు పక్కన పడుకుంది నేనే. పడుకోవటం అంటే మంచాల మధ్య సందులో చాప మీద. వైద్యం గురించి మాత్రం వంక పెట్టటానికి లేదు, డాక్టర్ గారు పొద్దునా సాయంత్రం వచ్చి ఛాతీ విని, ఎక్స్‌రే లైటు ముందు పెట్టి మరీ చూపించి చెప్పేవారు, నాన్న ఇప్పుడు ఇంట్లో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని మా ఆవిడ మీద సణుగుతున్నాడు, అంటే బాగున్నట్టే. కాబట్టి ఇది వైద్యం మీద రివ్యూ కాదు, రాత్రి మీద. రాత్రి ఎనిమిదింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా ఆ మూడో అంతస్తులో ఏం జరిగిందో దాని గురించి.

రెండో రాత్రి మూడు దాటి పది నిమిషాలు. ఏదో మెలకువ వచ్చి చూస్తే సెలైన్ బాటిల్ ఖాళీ, పైపులోకి జానెడు ఎత్తున రక్తం ఎదురెక్కి ఉంది. బెల్లు నొక్కా, మోగుతోంది, ఎవరూ రావట్లేదు. నర్సింగ్ స్టేషన్ దాకా పరిగెత్తా. అక్కడ ఇంచార్జ్ సిస్టర్ మూడు కుర్చీలు జత చేసుకుని చున్నీ మొహం మీద కప్పుకుని పడుకుని ఉంది, ఇంకో చిన్న పిల్ల కేస్ షీట్ల మీద తల వాల్చి పెన్ను చేతిలో ఉండగానే నిద్రపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు ఫోన్ తీసి వీడియో తీశా, తర్వాతే లేపా, ఇది కూడా ఒప్పుకోవాలి, అవతల నాన్న చేతిలో రక్తం ఎదురెక్కుతుంటే నేను చేసిన మొదటి పని వీడియో తీయటం. "ఏమ్మా, పడుకోటానికా మీకు జీతాలిచ్చేది" అని వార్డంతా లేచేలా అరిచా. పెద్దావిడ "ఇప్పుడే సార్, ఇప్పుడే కళ్ళు మూసుకున్నాం" అంటోంది, ఆ చిన్న పిల్ల మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా ట్రే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రక్తం గడ్డకట్టి కాన్యులా, అదే చేతి నరానికి గుచ్చి పెట్టే గొట్టం, బ్లాకైపోయింది, కొత్త చోట గుచ్చాలి, నాన్నకేమో నరాలు దొరకవు, మూడు పోట్లు పొడిస్తే గానీ దొరకలా. ఆయన ఆయాసంలో కూడా "పోన్లేరా, పిల్ల చేతులు వణుకుతున్నాయి, నువ్వు అరవమాక" అన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి కింద ఆఫీసుకెళ్ళి వీడియో చూపించి కంప్లెయింట్ రాసిచ్చా. ఒక స్టార్ రివ్యూ కూడా అక్కడే రిసెప్షన్ సోఫాలో కూర్చుని కొట్టా. మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు, యాక్షన్ తీసుకుంటాం సార్ అన్నాడు, కాఫీ తెప్పించాడు. తీసుకున్నారు కూడా. శనివారం రాత్రికల్లా స్టేషన్ గోడ మీద కాగితం అంటించారు, డ్యూటీలో నిద్రపోతే ఒక రోజు జీతం కట్ అని, కుర్చీలు తీసేసి ప్లాస్టిక్ స్టూళ్ళు వేశారు, కెమెరా ఒకటి స్టేషన్ వైపు తిప్పారు. నాకు భలే తృప్తి అనిపించింది. ఆ తృప్తి గట్టిగా నాలుగు గంటలు ఉందేమో.

ఆయా ఉంది అక్కడ, పెద్ద వయసు, రాత్రిళ్ళు పేషెంట్ల పక్కన నిద్ర పట్టక కూర్చునే మాలాంటి అటెండర్లందరికీ ఆవిడే రేడియో. నా చాప పక్కన కూలబడి చెప్పింది, జీతం కట్ అయింది చిన్న పిల్లకంట. ఇంచార్జ్‌కి కాదు. వీడియోలో ఇంచార్జ్ మొహం మీద చున్నీ ఉంది కదా, తలనొప్పికి మాత్ర వేసుకుని నడుం వాల్చానని చెప్పిందంట, అయిపోయింది. ఈ పిల్ల మొహం మాత్రం సుబ్బరంగా పడింది. పైగా ఇంకో వారం నైట్ డ్యూటీ పొడిగించారు శిక్ష కింద. అసలు సంగతి ఇంకోటి ఉంది, శుక్రవారం ఈవినింగ్ షిఫ్ట్ సిస్టర్ రాకపోతే ఈ పిల్లనే మధ్యాన్నం రెండింటికి పిలిపించారంట, రెండు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి మళ్ళీ పొద్దున ఎనిమిది, లెక్కేసుకోండి, 18 గంటలు. నేను లేపినప్పటికి పదమూడు గంటల పైన అయింది డ్యూటీ ఎక్కి. మన్యం వైపు పిల్ల, జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేసి ఎనిమిది నెలలు అయింది.

ఇక్కడ నా గురించి కాస్త చెప్పాలి. నేను చేసేది పల్నాడులో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ కంట్రోల్ రూంలో, 19 ఏళ్ళ నుంచి షిఫ్టులే. సి షిఫ్ట్ అంటే రాత్రి పది నుంచి పొద్దున ఆరు. కిల్న్ అంటే సిమెంట్ బట్టీ, లోపల 1450 డిగ్రీల దాకా మండుతూ ఉంటది, పైన పొడి వేడెక్కి దిగే సైక్లోన్ గొట్టం జామ్ అయిందా ఇక చూస్కోండి, అయినా సరే సి షిఫ్ట్‌లో కునుకు తీయని మగాడు నాకు ఇంతవరకు కనపళ్ళేదు. మేం ప్యానెల్ మీద ఇద్దరం ఉంటాం, ఒకడు పడుకుంటే ఒకడు స్క్రీన్ చూస్తాడు, మూడింటికి క్యాంటీన్ నుంచి టీ వస్తది, టీతో పాటు వంతు మారుద్ది. ఎవరూ రాసిపెట్టింది కాదు, కానీ ఆ వంతు తప్పితే మాలో మాకే తన్నులాట. అలాంటి నేను ఒక ఆడపిల్ల 13 గంటల డ్యూటీ తర్వాత తల వాలిస్తే వీడియో తీశా. ఆ రాత్రి దోమలు కుట్టి నిద్ర పట్టలేదని చెప్పుకున్నా గానీ దోమలు కాదు.

అప్పటి నుంచి పనేం లేదుగా, గమనించటం మొదలెట్టా. ఆ అంతస్తులో 22 మంది పేషెంట్లు, రాత్రికి ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా. వార్డులో ఆరుగురు పేషెంట్లకి ఒక నర్సు, వెంటిలేటర్ మీద ఉన్నోళ్ళకి ఒక్కొక్కరికి ఒకరు అని లెక్క చెప్తారు, ఇక్కడేమో పదకొండు మందికి ఒకరు. పన్నెండింటికి నెబ్యులైజర్లు, రెండింటికి బీపీలు, అయిదింటికి రక్తం శాంపిళ్ళు, ఆరింటికి షుగర్ చెక్‌లు, ఇంజెక్షన్లు, ఆ మధ్యలో ఎవరికో వాంతి, ఎవరికో జ్వరం, ఎవరో పెద్దాయన కాన్యులా పీకేసుకుని ఇంటికెళ్తా అని లేచి కూర్చోవటం. ఖాళీ అంటూ దొరికితే ఒంటిగంట నుంచి అయిదు లోపు ముక్కలు ముక్కలుగా దొరకాలి, అదీ సరిగ్గా ఒళ్ళు తూలే టైము. మూడు నాలుగు మధ్య మనిషి ఒళ్ళు చల్లబడి నిద్రకి లాగేస్తది, ఎంత పట్టుదల ఉన్నోడికైనా అంతే, మా దగ్గర తప్పులు ఎక్కువ జరిగేది కూడా ఆ టైములోనే.

మరి ఆ ఖాళీని మొదటి ఇంచార్జ్ ఎలా పంచిందంటే, ఒకటి నుంచి నాలుగున్నర తనకి, నాలుగున్నర తర్వాత ఈ పిల్లకి. వినటానికి వంతే. కానీ అయిదింటికి శాంపిళ్ళు మొదలైతే ఆ పిల్లకి మిగిలేదేంటి, అరగంట, అందులో సిరంజిలు సర్దుకోవటం, పేర్లు రాసుకోవటం. చివరి వంతు ఎప్పుడూ జూనియర్‌దే, చివరి వంతు అంటే అసలు లేని వంతు. సీనియర్ కదా, ఆవిడా ఇరవై ఏళ్ళ కిందట ఇలాగే పడి ఉంటదిలే అని ఆయా సర్దిచెప్పింది. ఉండొచ్చు. అత్తా ఒకింటి కోడలే గానీ, దానికి నాన్న చేతికి మూడు పోట్లు పడ్డాయి.

ఇంకోటి గమనించా, ఆ బిల్డింగులో రాత్రి అందరూ పడుకుంటారు. డ్యూటీ డాక్టర్‌కి రెండో అంతస్తులో ఏసీ రూము, మంచం, లోపల గడియ, ఫోన్ చేస్తే లేచి వస్తాడు, అది న్యాయమే, ఆయనా మనిషే. కింద మందుల షాపు కుర్రాడు కౌంటర్ కింద అట్టపెట్టెలు పరుచుకుని పడుకుంటాడు, గ్రిల్ కొట్టి లేపాలి, అందరం నవ్వుతూనే లేపుతాం. వాచ్‌మన్ సంగతి చెప్పక్కర్లేదు, ఆయన గురక మెట్ల మీదకి వినపడుద్ది. అంబులెన్స్ డ్రైవర్ బండిలోనే. ఎవరినీ ఎవరూ వీడియో తీయరు. సిస్టర్ కళ్ళు మూస్తే మాత్రం నేరం. ఆవిడ పడుకోవటానికి గది కూడా లేదు, బట్టలు మార్చుకునేది దుప్పట్లు పెట్టే స్టోర్ రూములో, దానికి గడియ ఊడిపోయి ఉంది, ఒకరు మార్చుకుంటుంటే ఆయా బయట కాపలా. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్‌జీ కర్ హాస్పిటల్లో ఆ డాక్టరమ్మ రాత్రి డ్యూటీలో నడుం వాల్చటానికి సెమినార్ హాల్లోకి వెళ్ళింది, అక్కడే అత్యాచారం చేసి చంపేశారు. అప్పుడు సుప్రీంకోర్టు టాస్క్‌ఫోర్స్ వేసి డ్యూటీలో ఉన్నోళ్ళకి విశ్రాంతి గదులు, మగాళ్ళకి ఆడాళ్ళకి విడివిడిగా, అవి కూడా చూడమంది. అప్పట్లో మేమందరం వాట్సాప్‌లో కొవ్వొత్తుల ఫొటోలు పెట్టాం. గుంటూరులో ఒక స్టోర్ రూము తలుపుకి నలభై రూపాయల గడియ మాత్రం ఇంతవరకు పడలా.

ఇక ఆదివారం నుంచి రోస్టర్ మారింది, కొత్త ఇంచార్జ్ సిస్టర్ వచ్చింది, యాభై దగ్గర్లో ఉంటది, తెనాలి యాస. నాకు ఈ రివ్యూ మళ్ళీ రాయాలనిపించింది ఆవిడ వల్లే. వచ్చీరాగానే ఆ ప్లాస్టిక్ స్టూలు చూసి "ఇదేంటే, బడిపిల్లల్ని గోడకుర్చీ వేసినట్టు" అని నవ్వి, గ్లౌజుల డబ్బా అట్ట ఒకటి చించి వెనక మార్కర్‌తో రాసింది. ఒంటిగంట నుంచి రెండుంబావు ఒకరు, రెండుంబావు నుంచి మూడున్నర ఇంకొకరు, మూడున్నర నుంచి ఇద్దరూ మేలుకునే. పేర్లు రాయలేదు, రోజు మార్చి రోజు వంతులు తిరగేసేది, నిన్న ముందు పడుకున్నోళ్ళు ఇవాళ తర్వాత. పడుకునే వాళ్ళు పడుకునే ముందు మేలుకున్న వాళ్ళతో కలిసి మంచం మంచానికీ తిరిగి ఏ బాటిల్ ఎప్పటికి అయిపోద్దో చెప్పుకునేవాళ్ళు, ఇది మా దగ్గర షిఫ్ట్ మారేటప్పుడు చేసే హ్యాండోవర్ లాంటిదే, కాకపోతే గంటంబావు కోసం కూడా చేశారు. లేచిన తర్వాత మొహం కడుక్కుని అయిదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, అప్పుడే ఇంజెక్షన్ పట్టుకోవాలి, లేచీలేవగానే ముట్టుకోకూడదు అని ఆ చిన్న పిల్లకి చెప్పటం నేను విన్నా. కరెక్టే, గాఢనిద్రలోంచి లేపితే కాసేపు బుర్ర సరిగ్గా పనిచెయ్యదు, మత్తులో ఒక బాటిల్‌కి ఇంకో బాటిల్ పెట్టే ప్రమాదం ఉంది.

ఇంకా ఏం చేసిందంటే అటెండర్లందరినీ పిలిచి దాచకుండా చెప్పేసింది. "అన్నయ్యా, రాత్రి ఒంటిగంట నుంచి మాలో ఒకరే మేలుకుని ఉంటాం, సెలైన్ ఇంత గీత దగ్గరకి వస్తే బెల్లు నొక్కండి, నేను రావటం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇదిగో ఈ చక్రం ఇటు కిందకి తిప్పి ఆపేయండి, రక్తం ఎదురెక్కదు." అంతే. ఆ చక్రం సంగతి రెండో రాత్రే ఎవరన్నా చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. నాలుగు రాత్రులు, నాన్న మందు ఒక్కటి కూడా ఆలస్యం కాలా, పక్క మంచం అతనికి తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పడితే మొదట కనిపెట్టింది ఆ చిన్న పిల్లే, మూడున్నరకి నిద్ర లేచి రౌండుకి వచ్చి. కొద్ది రోజుల కిందట ఇదే పిల్ల ఇదే టైముకి పెన్ను పట్టుకుని కూలిపోయి ఉంది. అదే బిల్డింగు, అవే 22 మంచాలు, అదే జీతం.

ఇందులో కొత్తేమీ లేదు కూడా. మా ఫ్యాక్టరీ సేఫ్టీ క్లాసులో ఒకాయన చెప్పాడు, నాసా వాళ్ళు దూరం వెళ్ళే విమానాల్లో పైలట్లకి వంతులవారీగా 40 నిమిషాలు ఇచ్చి చూస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారంట, ఆ కాస్త కునుకుకే ఆఖర్లో విమానం దింపేటప్పుడు పడుకోనోళ్ళ కంటే చురుగ్గా ఉన్నారంట. జపాన్‌లో 16 గంటల నైట్ చేసే నర్సులకి మధ్యలో రెండు గంటల కునుకు మామూలే. అంతెందుకు, 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలోనే అయిదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాశారు, సిమెంట్ బట్టీ దగ్గర పనిచేసే నాలాంటోడికి ఆ హక్కు అప్పుడే ఇచ్చారు, నాన్న నరంలోకి మందు ఎక్కించే పిల్లకి పన్నెండు గంటల్లో అరగంట అంటూ ఒకరు పేరు పెట్టి ఇచ్చింది లేదు.

ఇంక బిల్లు. బిల్లులో నర్సింగ్ ఛార్జీలు అని విడిగా ఒక లైను, రోజుకి 800, ఏడు రోజులకి 5,600. మారు మాట్లాడకుండా కట్టా, కట్టాక మెట్లు దిగుతూ లెక్కేశా, 22 మంచాలకి రోజుకి 17,600. ఆ పిల్ల నెల జీతం 15,000 అని ఆయా చెప్పింది. అంటే ఒక అంతస్తు ఒక రోజు నర్సింగ్ ఛార్జీ ఆ పిల్ల నెల జీతం కంటే ఎక్కువ, అందులోంచి మళ్ళీ ఒక రోజుది నా వీడియో వల్ల కోసుకున్నారు. 2016లో సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం వేసిన కమిటీ లెక్క ప్రకారం 50 బెడ్ల లోపు చిన్న హాస్పిటల్ అయినా నర్సుకి 20,000కి తగ్గకూడదు, 50 నుంచి 100 బెడ్లుంటే గవర్నమెంట్ నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తగ్గకూడదు. సెలవులు, డ్యూటీ గంటలు కూడా గవర్నమెంట్ లాగే ఉండాలని రాశారు. అది అమలు చెయ్యమని రాష్ట్రాలకి పంపారు, పంపిన కాగితం ఎక్కడ పడుకుందో మరి, దాన్ని ఎవరూ వీడియో తీయలా.

డిశ్చార్జ్ రోజు నేను మళ్ళీ మేనేజర్ దగ్గరకెళ్ళి సార్, ఆ పిల్ల జీతం వెనక్కి ఇచ్చెయ్యండి, నా కంప్లెయింట్ వెనక్కి తీసుకుంటా అన్నా. మీరు చెప్పింది నోట్ చేసుకున్నాం సార్ అన్నాడు, మళ్ళీ కాఫీ తెప్పించాడు. ఆ పిల్ల దగ్గరకెళ్ళి ఏదో చెప్పబోయా, నోరు రాలేదు, "ఏం పర్లేదన్నా, తాత జాగ్రత్త, ఇన్‌హేలర్ అయ్యాక నోరు పుక్కిలించమనండి" అంది. వార్డు బాయ్‌లకి ఇచ్చినట్టు చేతిలో డబ్బులు పెట్టబోతే తీసుకోలా, అదీ నా తెలివితక్కువ పనే.

మిగతావి చెప్పాలంటే, బాత్రూములు పొద్దున ఏడు లోపు బాగుంటాయి, తర్వాత కాదు. పార్కింగ్ లేదు, బండి పక్క సందులో పెట్టుకుని దేవుడి మీద భారం వెయ్యాలి. మందుల షాపులో ఎమ్మార్పీకి పైసా తగ్గించరు, బయట పది శాతం తగ్గిస్తారు. ఇన్సూరెన్స్ డెస్క్ అమ్మాయి మాత్రం బంగారం, మధ్యాన్నానికల్లా అప్రూవల్ తెప్పించింది. వైద్యానికి అయిదు స్టార్లు, తెనాలి సిస్టర్ ఉన్న నాలుగు రాత్రులకి అయిదు, మేనేజ్‌మెంట్‌కి ఒకటి కూడా ఎక్కువే, అన్నీ కలిపి మూడు వేస్తున్నా.

పదిహేను రోజుల తర్వాత డాక్టర్‌కి మళ్ళీ చూపిద్దామని నాన్నని తీసుకెళ్తే మూడో అంతస్తు ఎక్కి చూశా. తెనాలి సిస్టర్‌ని ఐసీయూకి మార్చారంట. గ్లౌజుల డబ్బా అట్ట లేదు. జీతం కట్ కాగితం మాత్రం గోడ మీద అలాగే ఉంది, ఊడిపోకుండా కొత్త టేపు వేశారు. చిన్న పిల్ల మానేసి హైదరాబాద్‌లో ఏదో హాస్పిటల్లో చేరిందంట, అక్కడ నైట్‌లో గంట బ్రేక్ ఇస్తారని ఎవరో చెప్తే వెళ్ళిందని ఆయా అంది, నిజంగా ఇస్తున్నారో లేదో తెలీదు అని కూడా అంది.

మీ వాళ్ళని ఎక్కడ చేర్చినా సరే ఏసీ ఉందా టీవీ ఉందా అని కాదు, రాత్రి మీ అంతస్తులో ఎంతమంది సిస్టర్లు, వాళ్ళు ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నారు అని అడగండి. సెలైన్ చక్రం ఎటు తిప్పాలో మొదటి రాత్రే చూపించుకోండి. చాప, దుప్పటి, దోమలకి ఒంటికి రాసుకునేది తెచ్చుకోండి, కాయిల్ వెలిగించనివ్వరు. ఎదురు సందులో ఇడ్లీ బండి ఆవిడ నాలుగున్నరకే పొయ్యి వెలిగిస్తది, అయిదింటికి వేడి వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి. శాంపిళ్ళు అయిపోయాక పైనుంచి సిస్టర్లు ఆయా చేత అక్కడి నుంచే తెప్పించుకుంటారు, మీరు కిందకి వెళ్తుంటే వాళ్ళకీ ఏమన్నా కావాలేమో అడిగి వెళ్ళండి.